చిమ్నీ కొనే ముందు పొగకు దారి వెతకండి

వంటింటి పొగకు ఏం పెట్టించుకోవాలని మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిరుపతిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వంటిల్లు పదడుగులకు ఎనిమిది, హాల్లోకి తెరిచే ఉంటుంది, మధ్యలో తలుపు లేదు. పొయ్యి తూర్పు గోడకు, ఆగ్నేయ మూలగా ఉంది. ఆ గోడ రోడ్డు వైపు కాబట్టి రంధ్రం పెట్టడానికి వీల్లేదని అసోసియేషన్ వాళ్లు తేల్చి చెప్పేశారు. దక్షిణం వైపు కిటికీ, దాని అవతల గిన్నెలు తోముకునే యుటిలిటీ, దానికి గ్రిల్. షాపులో పైపే అక్కర్లేని 1400 సక్షన్ చిమ్నీ చూపించారు. కార్పెంటరేమో పైపును ఫాల్స్ సీలింగ్ మీదుగా తీసుకెళ్లి బాత్రూమ్ డక్ట్‌లో వదిలేద్దామన్నాడు. మీవారు ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలంటున్నారు. మీ అత్తగారికి మాత్రం కరువాడు, అంటే ఎండుచేప, వేయించిన వాసన దేవుడి గది దాకా పోకూడదు. అంతా కలిపి ఇరవై వేలలో అయిపోవాలి. ఇంతే కదమ్మా?

ఈ నలుగురిలో సరైన మాట అన్నది మీ అత్తగారొక్కరే. మిగతా వాళ్లంతా ఏ మిషన్ పెట్టాలని మాట్లాడుతున్నారు. ఆమె మాత్రం, వాసన ఎటు పోతుందని అడుగుతున్నారు. పద్దెనిమిదేళ్లుగా తిరుపతి, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల చిమ్నీలు, ఫ్యాన్లు బిగిస్తున్నాను, రిపేరు చేస్తున్నాను. అమ్మే పని నాది కాదు. నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం మిషన్ చెడిపోవడం కాదు. మిషన్ బాగానే తిరుగుతుంటుంది, పొగకు పోయే దారి ఉండదు. లేదంటే పోయిన గాలి స్థానంలోకి కొత్త గాలి వచ్చే దారి ఉండదు.

మన పల్లెల్లో పాత మిద్దె ఇళ్లు చూసే ఉంటారు. పొయ్యికి పైన మిద్దెలో గవాచి, అంటే పొగ పోయే కంత, ఉండేది. మోటారు లేదు, కరెంటు లేదు. వేడి పొగ తనంతట తాను పైకి లేచి అందులోంచి పోయేది, కింద వాకిలి లోంచి చల్లగాలి వచ్చేది. వానొస్తే పైన బండో, కుండపెంకో కప్పేవాళ్లు. పొగ మొత్తం పోయేదని అబద్ధం చెప్పను, ఆ ఇంటి దూలాలన్నీ మసిబారే ఉండేవి. కానీ పోవడానికొకటి, రావడానికొకటి, రెండు దారులు ఉండాలన్న లెక్క అందులోనే ఉంది. ఇప్పుడు మనం గవాచి మూసేసి, కిటికీలకు అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, పొయ్యి మీద ఒక పెట్టె తగిలించి పొగ పోలేదేమని అడుగుతున్నాం.

పొయ్యి మీంచి లేచేది ఒక్క పొగ కాదు. తిరగబాతలో ఎండుమిరపకాయ వేసినప్పుడు గొంతు పట్టేసే ఘాటు ఒకటి. చిన్నచిన్న నూనె తుంపరలు ఇంకొకటి, అల్మారా తలుపుల మీద వేలికి అంటుకునే జిడ్డు అదే. మనం ఎక్కువగా వాడేది చెనిక్కాయల నూనె. అందులోనూ గానుగ నూనె అయితే రిఫైన్డ్ నూనె కంటే ముందే పొగలు కక్కుతుంది. ఇక కరువాడు, చేపల నీసు వాసన కంటికి కనపడని ఆవిరి. జాలీకి చిక్కదు, రేకుకు అంటదు. వీటితో పాటు గ్యాస్ మండినందుకు వచ్చే వేడి, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొంచెం నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటాయి. నీటి ఆవిరి సంగతి ఎవరికీ తట్టదు. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైనే నీళ్లు ఆవిరై వస్తాయి. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీళ్లు మీ వంటింటి గాలిలో కలిసినట్టు. సంగటి, అన్నం ఉడికించిన ఆవిరి దీనికి అదనం. ముసురు పట్టిన రోజుల్లో వంటింటి టైల్స్ చెమర్చడానికి సగం కారణం ఇది.

ఇప్పుడు షాపువాళ్లు చెప్పిన పైపు లేని చిమ్నీ సంగతి. అది గాలిని పీల్చి, నూనెను జాలీలో కొంత ఆపి, బొగ్గు ఫిల్టర్ లోంచి పంపి, మళ్లీ మీ వంటింట్లోకే వదులుతుంది. జిడ్డు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. వాసన బొగ్గు కొత్తగా ఉన్నన్నాళ్లు కొంత తగ్గుతుంది. వేడి, ఆవిరి, గ్యాస్ మండిన గాలి మాత్రం ఎక్కడివక్కడే. బొగ్గుకు ఒక హద్దుంది. నిండిపోయాక వాసన పట్టదు, మామూలుగా కడిగితే తిరిగి పనికి రాదు, మార్చాల్సిందే. మన వంటలకు మూడు నాలుగు నెలలకే మార్చాల్సి వస్తుంది. కొన్న ఏడాది తర్వాత ఆ ఫిల్టర్ ఎక్కడుంటుందో కూడా తెలియని ఇళ్లు నేను చాలా చూశాను. ఇండక్షన్ మీద ఇద్దరికి పప్పు, కూర, రసం చేసుకునే ఇంట్లో, బయటికి పైపు తీసే వీలే లేకపోతే అది పెట్టుకోవచ్చు. గ్యాస్ పొయ్యి మీద వారానికి రెండుసార్లు నీసు వండే మీ ఇంటికి దండగ. మీ అత్తగారికి చూపిస్తే ఆమే చెప్తారు, ‘ఇది వాసనను ఇంట్లోనే తిప్పుతోంది’ అని.

1400 అనే అంకె మీద ఒక మాట చెప్పాలి, దాన్ని చూసి మోసపోయేవాళ్లు చాలామంది. గంటకు 1400 ఘనపు మీటర్ల గాలి అని దానర్థం. మీ వంటిల్లు 10, 8, ఎత్తు 10 వేసుకుంటే 800 ఘనపుటడుగులు, అంటే 23 ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. 1400ని అరవైతో భాగించి చూడండి, నిమిషానికి 23. నిజంగా ఆ మిషన్ అంత లాగితే మీ వంటింటి గాలి మొత్తం నిమిషానికొకసారి మారిపోవాలి! అలా ఎక్కడా జరగదు. పైపు లేకుండా, అడ్డు లేకుండా తిరిగినప్పటి లెక్క అది. జాలీ, పైపు, వంపు, చివర టోపీ, ఒక్కొక్కటీ దాన్ని కోసేస్తాయి. మీ గదికి గంటకు పదిహేను, ఇరవై సార్లు గాలి మారినా చాలు, అంటే నిజంగా బయటికి పోయేది 350 నుంచి 450 ఉంటే సరిపోతుంది. సరిగ్గా పైపు వేసిన వెయ్యి మిషన్ ఆ పని హాయిగా చేస్తుంది. తప్పుగా వేస్తే 1600 మిషన్ కూడా మోతే తప్ప పని చేయదు.

ఈ తప్పు నేనూ చేశాను. పని మొదలుపెట్టిన రెండో ఏడు, చిత్తూరులో ఒక ఇల్లు. ఇంటాయన మంచి ఖరీదైన చిమ్నీ కొన్నాడు. బయటికి ఆరంగుళాల రంధ్రం కొడితే గోడ పాడవుతుందన్నాడు. నాలుగంగుళాల పైపు చాలనుకున్నాను. వంగే అల్యూమినియం పైపును ఫాల్స్ సీలింగ్ మీద పదహారడుగులు పాకించి, నాలుగు వంపులు తిప్పి, వెనక సందులోకి తీశాను. పూర్తిగా లాగి బిగించలేదు కూడా, పైన ముడతలు ముడతలుగా పడి ఉంది. ఏడాదిన్నర తర్వాత ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే హాల్లో సీలింగ్ లైటు చుట్టూ తేనెరంగు మరక. లైటు ఊడదీశాను. వేలెడు లావు చుక్క, బెల్లం పాకంలాగా, మెల్లగా జారి నా ముంజేతి మీద పడింది. పైపు పల్లంగా ఉన్న చోటల్లా నూనె నిలిచి, అతుకుల్లోంచి కారుతోంది. చేతిని సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా ఆ కమురు వాసన సాయంత్రం దాకా వదల్లేదు. సీలింగ్ నా డబ్బులతోనే వేయించాను.

లెక్క చూస్తే నా తెలివితక్కువతనం మీకే తెలుస్తుంది. ఆరంగుళాల పైపు నోటి వైశాల్యం 28 చదరపు అంగుళాలు, నాలుగంగుళాలది పన్నెండున్నర. రెండే అంగుళాలు కదా తగ్గింది అనుకుంటాం, దారి సగానికంటే కిందికి పడిపోతుంది. అదే గాలి ఇరుకులోంచి పోవాలి కాబట్టి ఈల వేస్తుంది. ‘మా చిమ్నీ విమానంలా మోగుతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావరకు పైపు మోతే. వంపు ఒక్కోటి పదడుగుల తిన్నని పైపుతో సమానమని నేను లెక్కేసుకుంటాను. ఆ ఇంట్లో పదహారడుగులు కాదు, నలభై కలిపి యాభై ఆరడుగుల పైపు వేసినట్టు.

అందుకే మీ కార్పెంటర్ మాట వద్దంటున్నాను. ఫాల్స్ సీలింగ్ మీద అడ్డంగా పరిచిన పైపు కడగడానికి రాదు, కారినా తెలియదు, లోపల జిడ్డు పేరుకుంటే నిప్పు రాజుకునే ప్రమాదం వేరే. ఇక బాత్రూమ్ డక్ట్ అంటే ఐదంతస్తుల బాత్రూమ్ కిటికీలూ తెరుచుకునే సందు. చాలా అపార్ట్‌మెంట్లలో ట్యాంకు కోసమో, వాన పడకుండానో దాని పైభాగం రేకుతో సగం కప్పేసి ఉంటారు. మీరు వదిలిన వాసన పైకి పోవాలంటే ముందు నాలుగో అంతస్తు వాళ్ల బాత్రూమ్ లోకి తొంగి చూసి పోవాలి. వాళ్లు నీసు ముట్టని ఇంటివాళ్లయితే ఆ గొడవ మీటింగు దాకా వెళ్తుంది. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెలలో, ఊళ్లో సగం ఇళ్లలో నీసు బంద్, నాకూ ఫోన్లు తక్కువ. నెల దాటిన మొదటి ఆదివారం మాత్రం ఇలాంటి డక్ట్ పంచాయితీ కనీసం ఒకటైనా వస్తుంది.

మీవారి ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాట కొట్టిపారేసేది కాదు. నవ్వుకోకండి, మా ఇంట్లో చిమ్నీ లేదు. ఎం.ఆర్.పల్లిలో మాది పాత ఇల్లు. వంటిల్లు విడిగా, తలుపుతో ఉంటుంది. పొయ్యికి పైన, సీలింగుకు జానెడు కింద పన్నెండంగుళాల ఇనుప ఫ్యాను. పదకొండేళ్లయింది. నెలకోసారి రెక్కలు తుడుస్తాను. ఖర్చు రెండు మూడు వేలు, రిపేరుకు వీధి చివర మోటార్ వైండింగ్ షాపు చాలు. గది తలుపు మూసి, తలుపు కింద సందు వదిలి, ఫ్యాను వేస్తే గాలి హాల్లోంచి వంటింట్లోకి, అక్కడి నుంచి బయటికి, ఒకే వైపు నడుస్తుంది. మా ఆవిడ కరువాడు వేయిస్తే నాకు ముందు గదిలో తెలియదు. వీధిలో వాళ్లకు తెలుస్తుంది, అది వేరే విషయం.

మీ ఇంటికి చిక్కు ఎక్కడంటే, తలుపు లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను పుట్టిన చోట పట్టుకోదు. పొగ లేచి, సీలింగుకు తగిలి, పరుచుకున్న తర్వాత లాగుతుంది. ఆ పరుచుకోవడంలోనే సగం మీ హాల్లోకి పోతుంది. ఇంకొకటి, మామూలు రెక్కల ఫ్యాను గోడకు బిగిస్తేనే పని చేస్తుంది. దాని వెనక పైపు తగిలిస్తే గాలిని తోయలేదు. ఫ్యాను పెట్టి పైపు వేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. పైపులోంచి తోసే బలం చిమ్నీలో ఉండే బ్లోయర్‌కే ఉంటుంది. హాలుకు, వంటింటికి మధ్య స్లైడింగ్ అద్దం తలుపు పెట్టించుకునే ఆలోచన ఉంటే మాత్రం మీవారి మాటే గెలుస్తుంది, నేను కూడా ఆయన పక్షమే.

తలుపు పెట్టనంటే, మీకు నేను చెప్పే దారి ఇది. అరవై సెంటీమీటర్ల మామూలు చిమ్నీ, ఆరంగుళాల పైపు, దక్షిణం వైపు యుటిలిటీ మీదుగా బయటికి. చిమ్నీ నుంచి రెండడుగులు నిటారుగా పైకి, అక్కడ ఒకే ఒక్క వంపు, ఆ తర్వాత కుడి చేతి వైపు తిన్నగా. కిటికీ పైభాగంలో ఒక అద్దం తీసి, దాని స్థానంలో అల్యూమినియం రేకు పెట్టి, అందులో రంధ్రం కోయిస్తే గోడ ముట్టుకునే పనే లేదు. రేపు వద్దనుకుంటే మళ్లీ అద్దం వేసుకోవచ్చు. అద్దెకుండే వాళ్లకు కూడా నేనిదే చేసిస్తాను. కిటికీ కుదరకపోతే ఆ గోడలో కోర్ కటింగ్ మిషన్‌తో శుభ్రంగా గుండ్రటి రంధ్రం తీయించండి. సుత్తి, ఉలితో కొట్టనివ్వకండి, బీము, పిల్లరు జోలికి అసలు పోనివ్వకండి. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి ఇటుక గోడలే ఉండవు, మొత్తం కాంక్రీటు పోత. అలాంటిదైతే కట్టిన ఇంజనీరును అడగకుండా చేయి వేయకండి.

చాలామంది పైపును యుటిలిటీ లోపలే వదిలేసి ఊరుకుంటారు. అక్కడ ఆరేసిన బట్టలన్నీ తిరగబాత వాసన కొడతాయి, గాలి తిరిగితే అదే కిటికీలోంచి మళ్లీ లోపలికి వస్తుంది. పైపు యుటిలిటీ దాటి, గ్రిల్‌లో ఒక గడి లోంచి, జానెడు బయటికి పోవాలి. మొత్తం తొమ్మిది పది అడుగులు అవుతుందేమో. ఒక వంపుతో ఆ దూరం పర్లేదు. పైపు నూలుపోగంత బయటి వైపుకే వాలి ఉండాలి, వాన నీళ్లు లోపలికి జారకుండా. చివర కిందికి వంగిన టోపీ, లోపల గాలి తిరిగి రాకుండా రేకు ఫ్లాప్ పెట్టించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వాన పక్కకు కొడుతుంది, 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. ఆ వారం టోపీ లేని పైపుల్లోంచి నీళ్లు నేరుగా పొయ్యి మీదికి దిగాయని నాకు ఎన్ని ఫోన్లో. టోపీకి జాలీ పెట్టిస్తే పిచ్చుకలు, పావురాలు గూడు కట్టవు. కానీ దోమల జాలీ లాంటి సన్నది వద్దు, రెండు నెలల్లో జిడ్డుతో పూడిపోతుంది. వేలు దూరేంత గడులున్నది చాలు.

పైపు సంగతి. వంగే అల్యూమినియం పైపు చవక. వాడితే వంపు దగ్గర మాత్రమే వాడి, అదీ పూర్తిగా సాగదీసి బిగించమనండి. తిన్నగా పోయే భాగానికి జీఐ పైపు, అంటే జింకు పూసిన ఇనుప పైపు, వేయించుకోండి. ప్లంబర్లు పీవీసీ వేస్తామంటారు. లోపల నున్నగా ఉంటుంది, నిజమే, కానీ జిడ్డు అంటుకుని మండితే అదీ మండుతుంది. నేను వేయను.

మీ వంట వాసన నాలుగో అంతస్తు వాళ్ల యుటిలిటీకి కొంతైనా పోతుంది, అది దాచి లాభం లేదు. పైకి కాకుండా బయటికి ఊదేలా పెడితే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. పని మొదలుపెట్టే ముందే పై ఇంటికి వెళ్లి ఒక మాట చెప్పి రండి. అసోసియేషన్ వాళ్ల దగ్గర వెనక వైపుకు ఒప్పుకున్నట్టు చిన్న కాగితం రాయించుకోండి.

ఇక గాలి వచ్చే దారి. దీన్ని మర్చిపోతే పైన చెప్పిందంతా వృథా. కొర్లగుంటలో ఒక ఇంట్లో విచిత్రమైన ఫిర్యాదు. చిమ్నీ వేస్తే చాలు, వంటింట్లో మురుగు వాసన. ఆపితే లేదు. మూడుసార్లు సర్వీసు వాళ్లు వచ్చి చిమ్నీ కడిగి పోయారట. నేను వెళ్లేసరికి ఏసీ కోసం తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి. చిమ్నీ లాగుతోంది, గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. గెస్ట్ బాత్రూమ్ వాడక నెలలైంది, నేల మీది నహానీ ట్రాప్‌లో, మురుగు గాలి పైకి రాకుండా ఆపే నీళ్లు ఎండిపోయాయి. మురుగు గొట్టం లోంచి గాలి లాగుతోంది. చెంబెడు నీళ్లు పోశాను, హాల్లో కిటికీ బెత్తెడు తెరిచాను. అంతే. ఆ ఇంటాయన డబ్బులివ్వడానికే మొహమాటపడ్డాడు, ఏం చేశావని ఇవ్వాలి అన్నట్టు.

మీరు కూడా వంట చేసేటప్పుడు హాల్లో, పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ కాస్త తెరవండి. పొయ్యి పక్కనున్న యుటిలిటీ కిటికీ మాత్రం మూసే ఉంచండి. అది తెరిస్తే గాలి అటు నుంచి వచ్చి నేరుగా చిమ్నీలోకి పోతుంది, పొగను పక్కకు నెట్టేస్తుంది. హాల్లో సీలింగ్ ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే కూడా పొగ చెదిరిపోతుంది, వేయించే పది నిమిషాలు తగ్గించండి. గాలి హాల్లోంచి వంటింట్లోకి నడిస్తే వాసన ఎదురు నడవదు. మీ అత్తగారికి కావాల్సింది అదే. వంటింటికి, హాలుకు మధ్య పైన బీము దిగి ఉంటే దాన్ని ఫాల్స్ సీలింగ్‌తో కప్పేయకండి. ఆ అడుగున్నర వేలాడే గోడ పొగకు ఆనకట్ట లాంటిది. లేకపోతే అక్కడ అద్దం పలక ఒకటి వేలాడదీయించినా బాగుంటుంది.

చిమ్నీలో ఏ రకం అన్నది నా దృష్టిలో తర్వాతి సంగతి. పాత అల్యూమినియం జాలీ రకం వద్దు, మన నూనెకు రెండు వారాల్లో పూడుకుపోతుంది. వంపు పలకల బాఫిల్ ఫిల్టర్, స్టీలుది, మంచిది. గిన్నెల్లాగే తోమేసుకోవచ్చు. ఫిల్టర్ లేని ఆటో క్లీన్ రకాల్లో బ్లోయర్ తిరిగే వేగానికి నూనె పక్కకు చిమ్మి, వేడి కాయిల్‌తో కరిగి కింద గిన్నెలోకి దిగుతుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ ఆటో క్లీన్ అంటే తనంతట తాను మొత్తం కడుక్కుంటుందని అనుకోకండి. పైపును, పైన మూతను, ఫ్లాప్‌ను అది ముట్టుకోదు. గిన్నెలో నూనె పారబోయాల్సింది మీరే. ఏడాదికోసారి విప్పి తుడవాల్సిందే. మీ బడ్జెట్‌కు పన్నెండు, పదిహేను వేల మధ్య వచ్చే బాఫిల్ రకం చాలు. మిగిలింది పైపుకు, కటింగుకు, కూలీకి ఉంచుకోండి. చేయి ఊపితే వెలిగేవి, పాట పాడేవి మీ ఇష్టం. మా దగ్గరికి ముందు రిపేరుకు వచ్చేవి అవే.

మీది రెండు బర్నర్ల పొయ్యి అయితే అరవై సెంటీమీటర్లు, నాలుగు బర్నర్లయితే తొంభై తీసుకోండి. ఎత్తు పొయ్యి పైభాగం నుంచి 65 - 75 సెంటీమీటర్లు, లేదా ఆ కంపెనీ పుస్తకంలో ఉన్న కొలత. గట్టు నుంచి కాదు, పొయ్యి నుంచి. గట్టు మీద పెట్టే పొయ్యి నాలుగైదంగుళాలు ఎత్తుంటుంది, ఆ తేడా మర్చిపోయి బిగించేవాళ్లున్నారు. మీరు పొడగరి అయితే 75 పెట్టించుకోండి, తల తగలకుండా.

కరువాడు, చేపలు వెనక బర్నర్ మీద వేయించండి, ముందు బర్నర్ పొగ చిమ్నీ అంచు దాటి మొహం మీదికి వస్తుంది. పొయ్యి వెలిగించే ముందే రెండు మూడు నిమిషాలు చిమ్నీ వేయండి, ఆపేశాక పది నిమిషాలు తిరగనివ్వండి. ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టండి. కాస్టిక్ సోడా అల్యూమినియం మీద అసలు వేయకండి, తినేస్తుంది. కరెంటు గురించి భయం అక్కర్లేదు. రెండొందల వాట్ల మోటారు రోజుకు రెండు గంటలు తిరిగితే నెలకు పన్నెండు యూనిట్లు.

ఒక్క జాగ్రత్త. గ్యాస్ లీకైన వాసన వస్తే చిమ్నీ వేసి లాగేద్దామని ఎప్పుడూ అనుకోకండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, చిమ్నీకి అందదు. పైగా స్విచ్ నిప్పురవ్వ చాలు. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

కొనే ముందు మూడు పూటలు ఒక పని చేయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మీరు వంట చేసే వేళకు యుటిలిటీ గ్రిల్ దగ్గర అగరబత్తీ పట్టుకుని చూడండి, పొగ బయటికి పోతోందా, లోపలికి వస్తోందా అని. కొండ పక్క ఊరు, గాలి వీధి వీధికి వేరేగా తిరుగుతుంది. మూడు పూటలూ మొహం మీదికే కొడుతుంటే పైపు చివరను పక్కకు తిప్పి పెట్టించాలి. బిగించిన రోజు కూడా అదే అగరబత్తీ ముందు బర్నర్ మీద, పొయ్యికీ చిమ్నీకీ మధ్య ఎత్తులో పట్టుకోండి. మధ్య స్పీడులోనే పొగ గీత వంగి చిమ్నీలోకి పోవాలి. తర్వాత వంటింటికి, హాలుకు మధ్య నిలబడి పట్టుకోండి, అక్కడ పొగ వంటింటి వైపే నడవాలి. రెండూ అయ్యాకే బిగించినవాళ్లకు మిగతా డబ్బులు ఇవ్వండి.